శంషాబాద్ నుంచి డాలస్ ఎంత దూరం?

వరంగల్ పక్కనున్న మామునూరు విమానాశ్రయానికి ఇన్నేళ్లు అడ్డం పడ్డది ఒక అంకె. శంషాబాద్ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపల 25 ఏళ్ల దాకా మరొకటి రాకూడదని దాన్ని నడిపే సంస్థతో చేసుకున్న ఒప్పందంలో ఉంది. హన్మకొండ నుంచి కారులో శంషాబాద్ పోయేవాళ్లకు మీటరు మీద 170 దగ్గర పడుతుంది కాబట్టి, ఇది మనకెందుకు తగలాలని అనుమానం రావడం సహజం. ఒప్పందంలో లెక్కపెట్టేది రోడ్డు దూరం కాదు, గగనతల దూరం. మామునూరుకూ శంషాబాద్‌కూ మధ్య సూటిగా గీత గీస్తే సుమారు 145 కిలోమీటర్లే వస్తుంది. ఆ ఐదు కిలోమీటర్ల కోసం శంషాబాద్‌ను నడిపే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాల్సి వచ్చింది. అది అందాకే 2025 ఫిబ్రవరిలో కేంద్రం మామునూరుకు పచ్చజెండా ఊపింది.

‘హైదరాబాద్ టు డాలస్ డిస్టెన్స్’ అని ఫోన్‌లో కొడితే వచ్చే అంకె కూడా ఈ 145 జాతిదే. అది గీత పొడవు. ఆ గీత మీద విమానం పోతుందని గానీ, అసలు అలాంటి విమానం ఉందని గానీ ఆ అంకె చెప్పదు. దాని కింద ‘ఫ్లైట్ టైమ్ 18 గంటల 25 నిమిషాలు’ అని ఇంకో అంకె కూడా కనిపిస్తుంది. లేని విమానానికి నిమిషాలతో సహా లెక్క!

గీత ఎటు పోతుంది

ముందు ఆ గీత సంగతే చూద్దాం. శంషాబాద్ ఉన్నది సుమారు 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర. డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం ఉన్నది 32.90 ఉత్తరం, 97.04 పశ్చిమం దగ్గర. భూమిని గుండ్రటి బంతి అనుకుని ఈ రెండు చుక్కల మధ్య అతి దగ్గరి దారి కొలిస్తే సుమారు 14,420 కిలోమీటర్లు. ఒక వెబ్‌సైట్ 14,400 అనీ ఇంకోటి 14,430 అనీ చూపిస్తే కంగారు పడక్కర్లేదు. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. దీన్ని లెక్కలోకి తీసుకున్నవాళ్లకు ఒకటి, తీసుకోనివాళ్లకు ఇంకొకటి వస్తుంది. తేడా దాదాపు అర శాతానికి మించదు.

మించితే అది మైళ్ల తికమకే అయి ఉంటుంది. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, విమానాలూ ఓడలూ వాడే నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. ఇదే దారి మామూలు మైళ్లలో 8,960, నాటికల్ మైళ్లలో 7,786. అంకె పక్కన యూనిట్ చూడకుండా ‘మా బావ తొమ్మిది వేలన్నాడు, నువ్వు ఏడు వేలంటున్నావు’ అని వాదించుకుంటే ఇద్దరూ గెలుస్తారు.

ఇప్పుడు ఆ గీత దిక్కు. గోడమీది ప్రపంచపటంలో అమెరికా మనకు పడమర చివరన ఉంటుంది కాబట్టి విమానం అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోవాలనిపిస్తుంది. పిల్లల గ్లోబు ఒకటి తీసుకోండి. కుట్టుదారం ఒక కొసను హైదరాబాద్ మీద బొటనవేలితో అదిమి, రెండో కొసను డాలస్ మీదికి లాగి బిగించండి. ముందు అట్లాంటిక్ మీదుగా పెట్టినా సరే, బిగించేకొద్దీ దారం పైకి జారుతూ పోయి ఉత్తర ధ్రువం పక్కన నిలబడుతుంది. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా 175.5 డిగ్రీలు, అంటే దాదాపు ఒకదానికొకటి అవతలి వైపు ఉన్నట్టే. సరిగ్గా 180 అయితే దారం ధ్రువం మీదుగానే పోయేది. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గ్లోబు అయితే ఆ దారం 34 సెంటీమీటర్లు ఉంటుంది. ఒక్కో సెంటీమీటరుకు సుమారు 425 కిలోమీటర్లు. పొడవు కొలిచి గుణించుకుంటే వెబ్‌సైట్‌తో పనిలేకుండా దూరం తెలిసిపోతుంది.

ఈ గీత శంషాబాద్ నుంచి బయలుదేరేది ఉత్తరానికి అయిదు డిగ్రీలు మాత్రమే పడమరగా. అందుకే అది పోయే ఊళ్లు మనకు బాగా తెలిసినవే. కామారెడ్డి నెత్తి మీదుగా పోతుంది. నిర్మల్‌ను పది కిలోమీటర్ల లోపు దూరంలో పడమటి వైపు దాటుతుంది. అక్కడి నుంచి దాదాపు ఢిల్లీ మీదుగా లడఖ్, మధ్య ఆసియా, సైబీరియా, ఆర్కిటిక్ సముద్రం. ధ్రువానికి సుమారు 525 కిలోమీటర్ల దూరంలో మలుపు తిరిగి, కెనడాలో హడ్సన్ బే పడమటి అంచు పట్టుకుని డాలస్‌కు దిగుతుంది. అంటే డాలస్ చేరడానికి దగ్గరి దారి దుబాయ్ వైపు కాదు, నాగ్‌పూర్ రోడ్డు వైపు!

మరి ఆ గీత మీద ఎవరూ ఎందుకు పోరు

‘అంత దూరం ఎగిరే విమానం లేదు’ అనేది చాలామంది చెప్పే జవాబు. అది తప్పు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లకు పైగా దూరాన్ని ఎయిర్‌బస్ ఎ350 ఆగకుండా ఎగురుతోంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా బోయింగ్ 777–200ఎల్ఆర్‌తో హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది. అది 13,300 కిలోమీటర్ల దగ్గర. ఎంతోకాలం సాగలేదు గానీ ఎగరడం సాధ్యమేనని తేలింది.

అసలు అడ్డంకులు వేరు. మొదటిది హిమాలయాలు, వాటి వెనక ఉన్న ఎత్తయిన నేల. పైన ఉండగా కేబిన్‌లో గాలి ఒత్తిడి పోతే పైలట్ వెంటనే 10,000 అడుగులకు దిగాలి. సీటు పైనుంచి వేలాడే మాస్కుల్లో ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంట అటూఇటూ మాత్రమే వస్తుంది. కింద నేలే 15,000 అడుగుల ఎత్తున ఉంటే ఎక్కడికి దిగుతారు? అందుకని అక్కడ పోయే విమానాలు ఎక్కడ ఒత్తిడి పోతే ఎటు తిరిగి తప్పించుకోవాలో ముందే గీసుకుని, ఆ లెక్క కుదిరిన దారుల్లోనే పోతాయి.

రెండోది చలి. అమెరికాలో నింపే జెట్ ఎ ఇంధనం మైనస్ 40 డిగ్రీల దగ్గర, మిగతా దేశాల్లో ఎక్కువగా వాడే జెట్ ఎ–1 మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. ధ్రువం దారిలో గంటల తరబడి ఎగిరితే రెక్కల్లోని ఇంధనం ఆ హద్దుకు దగ్గర పడుతుంది. అప్పుడు కాస్త కిందికి దిగడమో, వేగం పెంచడమో చేస్తారు.

మూడోది రాజకీయం. 2022 నుంచి రష్యా గగనతలం అమెరికా సంస్థలకూ, యూరప్‌లో చాలా దేశాల సంస్థలకూ మూతపడింది. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ గగనతలం భారత విమానాలకు మూసేశారు. 2019లోనూ కొన్ని నెలలు ఇలాగే జరిగింది. గ్లోబు మీది దారానికి సరిహద్దులు తెలియవు, విమానానికి తెలుసు. ఒకే రెండు ఊళ్ల మధ్య ఒక దేశపు సంస్థకు ఒక దారి, ఇంకో దేశపు సంస్థకు ఇంకో దారి ఉండడం ఇందువల్లే. ఇవన్నీ దాటినా రోజూ మూడు వందల సీట్లు నిండాలి. అంత దూరానికి కావలసిన ఇంధనం మోయడానికే ఎక్కువ ఇంధనం కాలుతుంది. నిజంగా గీతను నిలబెట్టనిది ఈ జమాఖర్చే.

అందుకే మనవాళ్లు మధ్యలో మారిపోతారు. ఇక్కడే ఒక ఆశ్చర్యం ఉంది. శంషాబాద్–దుబాయ్ 2,550, దుబాయ్–డాలస్ 12,920. రెండూ కలిపితే 15,470 కిలోమీటర్లు. ఎటో పడమరకు తిరిగిపోయినట్టు కనిపించినా, సూటి గీత కన్నా ఎక్కువయ్యేది 1,050 కిలోమీటర్లే, అంటే ఏడు శాతం. గ్లోబు మీద దారం రెండున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది, అంతే. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పోతే 7,115, దాని మీద 8,260, మొత్తం 15,375. దుబాయ్‌కూ దీనికీ తేడా వంద కిలోమీటర్ల లోపు. కాబట్టి ‘ఏ దారి దగ్గర’ అని టికెట్ ఎంచుకోవడం వృథా ప్రయాస. తేడా అంతా మధ్యలో ఆగే గంటల్లో ఉంటుంది.

దూరం నుంచి గంటలకు

వెబ్‌సైట్లు చేసే పని చాలా సులువైంది. దూరాన్ని గంటకు 500 మైళ్లతో, అంటే 805 కిలోమీటర్లతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ కలిపి ఓ అరగంట చేరుస్తాయి. 14,420ని అలా భాగిస్తే పైన చెప్పిన పద్దెనిమిదిన్నర గంటల లెక్క తేలిపోతుంది.

బోయింగ్ 777 లాంటి విమానం పైన ఎగిరేది మాక్ 0.84 దగ్గర, అంటే అక్కడి శబ్దవేగంలో 84 శాతం. 11 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత మైనస్ 56 దాకా ఉంటుంది కాబట్టి శబ్దవేగం కూడా తగ్గి గంటకు 1,060 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. అందులో 84 శాతం 890. ఇది విమానం గాలిలో పోయే వేగం. నేల మీద దాని నీడ ఎంత వేగంతో పోతుందన్నది గాలిని బట్టి ఉంటుంది. సీటు ముందున్న తెరమీద ‘గ్రౌండ్ స్పీడ్’ అని ఒకసారి 800, ఇంకోసారి 980 చూపించేది ఈ నీడ వేగాన్నే. ఇంజను పనితనం రెండుసార్లూ ఒకటే.

ఆ ఎత్తున మన అక్షాంశాలకు ఉత్తరంగా గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. చలికాలంలో ఉత్తర భారతం మీదుగా వెళ్లే జెట్ స్ట్రీమ్, అంటే పై ఎత్తుల్లో నదిలా పారే జోరుగాలి, గంటకు 200 కిలోమీటర్లు కూడా దాటుతుంది. కాబట్టి పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. దుబాయ్–డాలస్ దారిలో సగటున గంటకు 50 కిలోమీటర్ల గాలి ఉందనుకుందాం. పోయేటప్పుడు 12,920ని 840తో భాగిస్తే 15 గంటల 23 నిమిషాలు. వచ్చేటప్పుడు 940తో భాగిస్తే 13 గంటల 45 నిమిషాలు. గంటన్నర పైన తేడా.

పోయేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు తిరిగి వస్తుందా? పూర్తిగా రాదు. గాలి లేకపోతే ఒక్కో వైపు 14 గంటల 31 నిమిషాలు, రెండు వైపులా కలిపి 29 గంటల 2 నిమిషాలు. గాలి ఉంటే 29 గంటల 8 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, వెనకగాలిలో తక్కువసేపు ఉంటాం. అందుకే ఎదురుగాలి నష్టమే ఎప్పుడూ కాస్త పెద్దది.

శంషాబాద్–దుబాయ్ మధ్యా ఇదే కథ చిన్నగా నడుస్తుంది. పోవడానికి సుమారు నాలుగు గంటలు, రావడానికి మూడున్నర. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయివచ్చేవాళ్లకు ఇది కొత్తేం కాదు. అయితే వానాకాలంలో లెక్క మారుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్కను మీద పై ఎత్తుల్లో గాలి తూర్పు నుంచి పడమరకు తిరుగుతుంది. ఈ తూర్పు జెట్ స్ట్రీమ్‌ను 1950లలో శాస్త్రీయంగా వివరించినవాళ్లలో ముందున్నది మన దేశపు వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. దాని బలమైన భాగం విమానాల కన్నా పైన, 14 కిలోమీటర్లు దాటాకే ఉంటుంది గానీ, దాని అంచు తగిలినా దుబాయ్ పోయే విమానానికి ఎదురుగాలి పోరు తగ్గుతుంది.

ఇక టికెట్ మీద ఉండే సమయం గాలిలో ఉండే సమయం కాదు. విమానం గేటు నుంచి కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా లెక్క. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పోవడం, వరసలో నిలబడడం, దిగే ముందు గాలిలో చక్కర్లు, అవతల గేటు ఖాళీ అయ్యేదాకా ఆగడం, ఇవన్నీ దాంట్లో ఉంటాయి. దాని మీద సంస్థలు పది, ఇరవై నిమిషాలు చేతిలో పెట్టుకుంటాయి. అరగంట ఆలస్యంగా కదిలిన విమానం టైముకే దిగిందంటే పైలట్ గొప్పతనం కొంతే, ఈ దాచుకున్న నిమిషాల గొప్పతనం ఎక్కువ.

మీ చేతి లెక్కకు ఒక సూత్రం కావాలంటే, దూరాన్ని 880తో భాగించి 40 నిమిషాలు కలపండి. పడమరకు పోతుంటే దాని మీద ఆరు శాతం ఎక్కువ, తూర్పుకు వస్తుంటే ఆరు శాతం తక్కువ. దుబాయ్–డాలస్‌కు పోను 16 గంటల 15 నిమిషాలు, రాను 14 గంటల 25 నిమిషాలు వస్తుంది. టికెట్ మీది సమయానికి అరగంట అటూఇటూలో ఉంటుంది. ఉత్తరం–దక్షిణంగా పోయే దారులకు ఆ ఆరు శాతం వదిలేయండి.

గడియారం చేసే మోసం

టికెట్‌లో బయలుదేరే సమయం బయలుదేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది. ఉదయం 10కి శంషాబాద్‌లో ఎక్కి మధ్యాహ్నం 12:30కి దుబాయ్‌లో దిగితే ప్రయాణం రెండున్నర గంటలు కాదు. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, కాబట్టి నాలుగు గంటలు. రెండు సమయాలనూ మన సమయానికి మార్చుకుని తీసివేయడం ఒక్కటే తప్పులేని పద్ధతి.

డాలస్‌తో ఇంకో చిక్కు. చలికాలంలో అది మనకన్నా పదకొండున్నర గంటలు వెనక, ఎండాకాలంలో పదిన్నర. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం గంట ముందుకు తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. మనం తిప్పం, దుబాయ్ తిప్పదు. చలికాలంలో తెల్లవారుజామున 2:40కి దుబాయ్‌లో కదిలి ఉదయం 9కి డాలస్‌లో దిగే విమానం ఉందనుకోండి. గడియారం చూస్తే 6 గంటల 20 నిమిషాలు. దుబాయ్–డాలస్ తేడా పది గంటలు కలిపితే అసలు సమయం 16 గంటల 20 నిమిషాలు. అదే విమానం మార్చి తర్వాత 10కి దిగినట్టు కనిపిస్తుంది. ఆలస్యమేమీ కాలేదు. చలికాలంలోనే తిరుగు ప్రయాణంలో డాలస్‌లో మధ్యాహ్నం 12కి ఎక్కితే మర్నాడు 12:45కి దుబాయ్ చేరతారు. పూర్తిగా ఒక రోజు పోయినట్టు అనిపిస్తుంది, అసలు ప్రయాణం మాత్రం 14 గంటల 45 నిమిషాలే.

బుకింగ్ సైట్‌లో ‘మొత్తం 24 గంటల 50 నిమిషాలు’ అని కనిపించేదాంట్లో మధ్యలో ఆగే సమయం కూడా కలిసే ఉంటుంది. అందులోంచి రెండు విమానాల సమయం తీసేస్తే మిగిలేది మీరు దుబాయ్‌లో కుర్చీలో గడిపే గంటలు. అవి రెండు గంటలకు తగ్గితే మొదటి విమానం కాస్త ఆలస్యమైనా రెండోది అందకపోవచ్చు. రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత సంస్థది. ధర తక్కువని రెండు వేర్వేరు టికెట్లు కొంటే ఆ బాధ్యత మీది, ఆ డబ్బు కూడా మీదే పోతుంది. ఇంకో మాట చూసుకోవాలి. ‘డైరెక్ట్’ అంటే ఆగకుండా పోయేదని కాదు. మధ్యలో ఒకచోట దిగి, అదే నంబరుతో మళ్లీ ఎగిరేదాన్నీ డైరెక్ట్ అనే అంటారు. ఆగకుండా పోయేది ‘నాన్‌స్టాప్’.

అన్నిటికన్నా ఎక్కువమందిని దెబ్బతీసేది అర్ధరాత్రి తేదీ. టికెట్ మీద ‘15వ తేదీ, 00:40’ అని ఉంటే విమానం 14 రాత్రి భోజనం అయ్యాక వచ్చే అర్ధరాత్రిదే. 15 రాత్రి తీరిగ్గా సామాను సర్దుకుని బయలుదేరితే విమానం ఎగిరిపోయి దాదాపు 24 గంటలు అయి ఉంటుంది. ఇంట్లో క్యాలెండరు మీద 14కే సున్నా చుట్టుకోవాలి.

ఆ 00:40 నుంచి వెనక్కి లెక్కపెడితే హన్మకొండ టైము తేలుతుంది. చాలా సంస్థలు అంతర్జాతీయ విమానాలకు చెకిన్ కౌంటర్‌ను గంట ముందు మూసేస్తాయి, అంటే 14 రాత్రి 11:40. సామాను తూకం, ఇమిగ్రేషన్ వరస కలిపి మూడు గంటల ముందు లోపలుండాలంటే రాత్రి 9:40. హన్మకొండ నుంచి జనగామ, భువనగిరి దాటి, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరడానికి మూడు గంటలు. సూటి గీతకు 147 కిలోమీటర్లే, రోడ్డుకు 170. ఇక్కడ పెరిగింది పదిహేను శాతం, డాలస్ దారిలో పెరిగినదానికి రెండింతలు. టోల్ గేట్లకూ, దారిలో ఒక చాయ్‌కూ, టైరు పంక్చరైతే మార్చుకోవడానికీ ఇంకో నలభై నిమిషాలు వేసుకోండి. కారు డ్రైవరుకు చెప్పాల్సిన టైము 14వ తేదీ సాయంత్రం 6. ‘రేపు 15 కదా అన్నా’ అని అతను అడిగితే, కాదు ఈ రోజేనని మళ్లీ చెప్పండి.